ఇంట్లో రికార్డు చేసిన పాటకు రీపర్: మిక్సింగ్ నేర్చుకునేవారి కోసం ఒక సమీక్ష

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇంటి గదిలోనే పాట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే జానపద గాయకులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు ఎలాగో సమకూరుతున్నాయి కానీ, మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన ధ్వనులను సమతూకంగా కలిపే పని, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పే మనిషి, పాట విని ఉన్నదున్నట్టు చెప్పే శ్రోత దొరకడం కష్టంగా ఉంది. శ్రోతను ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చి ఇవ్వదు. అయితే శ్రోత చెప్పిన మాటను పట్టుకుని పాటలో దాని కారణం వెతకడానికి, మార్చి చూసి వెంటనే పోల్చుకోవడానికి వీలున్న సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటే, నేర్పే మనిషి లేని లోటు కొంతవరకు తీరుతుంది. పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే రీపర్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను నేను ఈ ఒక్క కోణం నుంచే అంచనా వేస్తున్నాను.

దీన్ని తయారుచేస్తున్నది కంప్యూటర్‌లో పాటలు వినిపించే విన్‌యాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ స్థాపించిన కాకోస్ సంస్థ. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఇన్‌స్టాలర్ చాలా చిన్నది కాబట్టి మొబైల్ డేటాతోనే దించుకోవచ్చు. పాత లాప్‌టాప్ ఉన్నవారికి ఇంతకంటే తేలికైనది దొరకడం అరుదు. 60 రోజుల పాటు ఏ సౌకర్యాన్నీ తగ్గించకుండా ఉచితంగా పరీక్షించి చూడనిస్తారు.

ఇక అసలు విషయానికి వస్తే, బతుకమ్మ పాటను మిక్స్ చేయడం పైకి కనిపించినంత సులువు కాదు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు, చప్పట్లు తోడవుతాయి, వెనుక డప్పు ఉంటే అదీ కలుస్తుంది. మా వదిన ఎత్తుకోగా వాడకట్టు ఆడవాళ్లు అందుకున్న ఒక పాటను మా పెద్దమ్మకు వినిపిస్తే, ఆమె, “అందరి ఉయ్యాలో మంచిగ ఇనవడ్తుంది గని, కథేందో తెలుస్తలేదు బిడ్డా” అన్నది. మిక్సింగ్ గురించి ఇంతకంటే పనికొచ్చే సలహా ఏ నిపుణుడూ ఇవ్వలేడని నా నమ్మకం. మాటలోని హల్లులు స్పష్టంగా తెలియడం సుమారు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యనున్న ధ్వని మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పదిమంది కలిసి అందుకున్నప్పుడు వారి గొంతులు, చప్పట్ల చురుకుదనం కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే వచ్చి కూర్చుంటాయి. అందువల్ల ప్రధాన గొంతును ఎంత పెంచినా పాట మొత్తం బిగ్గరగా మారుతుందే తప్ప కథ తేటపడదు. ఎడం ఇవ్వవలసింది అందుకునేవారి కోరస్.

రీపర్‌లో ఏ ట్రాకునైనా (ఒక్కో గొంతు లేదా వాద్యం విడిగా ఉండే వరుస) ఫోల్డర్‌గా మార్చి కోరస్ ట్రాకులన్నింటినీ దాని కిందికి చేర్చవచ్చు. ఆ ఫోల్డర్ మీద రీపర్‌తోనే వచ్చే ఈక్వలైజర్ రీఈక్యూ (ఎంచుకున్న ధ్వని ప్రాంతాన్ని పెంచే, తగ్గించే సాధనం) పెట్టి 3 కిలోహెర్ట్జ్ చుట్టూ రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే సగం పని అయినట్టే. మిగిలిన సగం ఇంకా ఆసక్తికరమైనది. బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ సాగే చివరి భాగం మీదనే తర్వాతి చరణం మొదలవుతుంది కనుక, ప్రతి చరణంలోనూ మొదటి ఒకటి రెండు మాటలే మునిగిపోతాయి. ప్రధాన గొంతు నుంచి కోరస్ ఫోల్డర్‌లోని 3, 4 ఛానళ్లకు ఒక సెండ్ (ధ్వనిని మరో ట్రాకుకూ పంపే దారి) వేసి, అక్కడి రీకాంప్‌ను, అంటే బిగ్గరైన ధ్వనిని తనంతట తాను అణిచే కంప్రెసర్‌ను, ఆ ఛానళ్లను వినేలా అమరిస్తే, వదిన గొంతు విప్పిన క్షణంలో కోరస్ తనంతట తాను కాస్త తగ్గి, ఆమె ఆగగానే మళ్లీ లేస్తుంది. ఖరీదైన ప్లగిన్ (విడిగా కొని జోడించే సాధనం) ఒక్కటి కూడా కొనకుండా ఇంత పని జరగడం రీపర్‌లో నాకు అన్నింటికంటే నచ్చిన సంగతి.

డప్పు విషయంలోనూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. కుడిచేతి సిర్ర ఇచ్చే బరువైన దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్ల ఇచ్చే పదునైన చప్పుడు రెండూ విడివిడిగా వినిపిస్తేనే అది డప్పు. విన్న కళాకారుడొకాయన, “సిటికెన పుల్ల సప్పుడు సచ్చిపోయింది తమ్మీ” అన్నాడు. కంప్రెసర్‌లో అటాక్, అంటే అది పని మొదలుపెట్టడానికి తీసుకునే సమయం, 3 మిల్లీసెకన్లు ఉంటే దెబ్బ పుట్టీ పుట్టగానే అణగిపోతుంది. 25 మిల్లీసెకన్ల వరకు పెంచితే మొదటి చురుకు దాటిపోయిన తర్వాత మాత్రమే ధ్వని తగ్గుతుంది. రీకాంప్‌లో ఈ మీట కనిపించేంత దగ్గరలోనే, ఎంత తగ్గుతున్నదీ చూపే మీటర్ కూడా ఉండడం వల్ల చెవి, కన్ను కలిసి నేర్చుకుంటాయి. “డబ్బాల పాడినట్టున్నది” అనే మాటకు మాత్రం మందు సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా దొరకదు. 300 నుంచి 500 హెర్ట్జ్ మధ్య కొంత తగ్గించుకోవచ్చు గానీ, స్లాబు గదిలో గోడలకు తగిలి తిరిగివచ్చిన ధ్వనిని గొంతు నుంచి వేరుచేయడం కష్టం. రికార్డింగ్ సమయంలోనే చుట్టూ బొంతలు వేలాడదీయడం మేలు.

అభిప్రాయం అడిగే పద్ధతికి కూడా రీపర్ తోడ్పడుతుంది. ‘ఎట్లున్నది?’ అని అడిగితే మనవాళ్లు మొహమాటానికి ‘మంచిగున్నది’ అనే అంటారు. ‘ఏ మాట అర్థం కాలేదు? ఎక్కడ చెవికి గుచ్చుకున్నది?’ అని అడగాలి. పాట నడుస్తుండగా వారు చెయ్యెత్తిన చోటల్లా కీబోర్డు మీద ఎమ్ నొక్కితే అక్కడ ఒక మార్కర్ పడుతుంది. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే వారన్న మాటనే దానికి పేరుగా రాసుకోవచ్చు. వేరువేరు మనుషులు ఒకే చోట చెయ్యెత్తితే అక్కడ తప్పకుండా పని ఉన్నట్టు లెక్క. సరిదిద్దే ముందు ప్రాజెక్టును కొత్త వెర్షన్‌గా భద్రపరిచే సదుపాయం ఉంది గనుక పాతది పోతుందన్న భయం అక్కరలేదు.

పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బిగ్గరగా ఉన్నదే మన చెవికి మెరుగ్గా తోస్తుంది కాబట్టి, పాతదాన్నీ కొత్తదాన్నీ సమాన స్థాయికి తెచ్చాకనే తీర్పు చెప్పాలి. ధ్వని తగ్గినప్పుడు చెవికి బేస్ మరింత తక్కువగా వినిపిస్తుందని పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్‌లు 1933లోనే చూపించారు. రాత్రిపూట ఇంట్లోవాళ్లకు ఇబ్బంది కలగకుండా చిన్నగా పెట్టుకుని మిక్స్ చేసేవారు బేస్ అతిగా పెంచడానికి కారణం ఇదే. అదే పాట మర్నాడు కాజీపేట వెళ్లే ఆటోలో గుయ్యిమంటుంది. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాకు మీదున్న మోనో బటన్ నొక్కి, ఎడమ కుడి ధ్వనులను ఒక్కటిగా కలిపి వింటే చిన్న ఫోన్ స్పీకర్‌లో ఏవి కనుమరుగవుతాయో కొంత ముందే పసిగట్టవచ్చు. పాటను చివరి ఫైలుగా మార్చే రెండర్ విండోలో ఫైలు తయారుచేయకుండానే ధ్వని స్థాయిని లెక్కగట్టే డ్రై రన్ కూడా ఉంది. యూట్యూబ్ సుమారు మైనస్ 14 లఫ్స్ (LUFS, పాట మొత్తం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం; సున్నాకు దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ బిగ్గర) కంటే బిగ్గరగా ఉన్న పాటలను తానే తగ్గిస్తుంది కాబట్టి, డప్పును నలిపి మరీ మైనస్ 8కి చేర్చడం వల్ల అక్కడ ఒరిగేది ఏమీ లేదు.

లోపాలు చిన్నవి కావు. మెనూలు కిక్కిరిసి ఉండి కొత్తవారిని బెదరగొడతాయి. అధికారిక కరదీపిక ఉచితమే, 400 పుటలకు పైగా ఎంతో శ్రద్ధగా రాసినదే, కానీ ఇంగ్లిష్‌లో ఉంది; పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన గాయకుడు దానితో ఒంటరిగా కుస్తీ పట్టలేడు. డోలక్, తబలా వంటి వాద్యాల ధ్వనులు దీనితోపాటు రావు. పాటను లింకుగా పంపి అభిప్రాయాలు తెప్పించుకునే ఏర్పాటు ఇందులో లేదు. ఆ పని ఫోన్‌లోనూ పాట రికార్డు చేయనిచ్చే బ్యాండ్‌ల్యాబ్ అనే యాప్ ఉచితంగా చేస్తుంది. ఫోన్‌లోనే రికార్డు చేసి, ఒక గొంతు, ఒక ట్రాకు సంగీతం కలిపితే చాలనుకునేవారికి బ్యాండ్‌ల్యాబే సరిపోతుంది.

గొంతులు, కోరస్, డప్పు విడివిడిగా రికార్డు చేసేవారికి మాత్రం రీపర్‌నే సూచిస్తాను. వ్యక్తిగతంగా వాడుకునేవారికి, ఏడాదికి 20,000 డాలర్లకు మించి ఆదాయం రాని చిన్న వ్యాపారాలకు లైసెన్స్ ధర 60 డాలర్లు; అంతకు మించితే 225 డాలర్లు. ఇప్పుడున్న 7వ వెర్షన్‌కు కొన్న లైసెన్స్ 8.99 వరకు చెల్లుతుంది. పరీక్షా కాలంలో నాలుగైదు పాటలు మొదలుపెట్టకుండా, ఒకే పాటను ఇంట్లో పెద్దవాళ్లకు, డప్పు కొట్టినవారికి, ఆటోలో తోటి ప్రయాణికులకు వినిపించి, పడిన మార్కర్లన్నీ ఒక్కొక్కటిగా తొలగిపోయేదాకా దిద్దిన తర్వాతనే డబ్బు కట్టే విషయం ఆలోచించండి.