కెనడా నుంచి ఇండియా వెళ్ళే పెద్దవాళ్ళకి ట్రావెల్ ఇన్సూరెన్స్: సింగిల్ ట్రిప్పా, ఏడాది పాలసీయా?

సెప్టెంబరులో బళ్ళు తెరిచి, ఇండియా టికెట్ల వేట మొదలయ్యేసరికి నాకు ఫోన్లు రావడం మొదలవుతుంది. బ్రాంప్టన్, మిస్సిసాగా, మిల్టన్, ఒక్కోసారి కాల్గరీ నుంచి కూడా. "మా నాన్నగారికి డెబ్బై దాటాయండీ, షుగరు, బీపీ ఉన్నాయి. మూడు నెలలు ఇండియా వెళ్తున్నారు. మీ మామయ్యగారికి ఏ పాలసీ తీసుకున్నారు?" అని. నేను ఏజెంటుని కాను, నాకు కమిషనూ రాదు. కొన్నేళ్ళుగా మా అత్తయ్యగారి, మామయ్యగారి పాలసీల పని నా నెత్తిన పడింది, అంతే. పోయినేడాది ఒక పొరపాటు అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాం కాబట్టి ఈసారి అడిగినవాళ్ళందరికీ కలిపి ఒకచోట రాసేస్తున్నాను.

ముందుగా ఒక మాట. సూపర్ వీసా మీద ఇక్కడికి వచ్చే అమ్మానాన్నలకి తీసుకునే లక్ష డాలర్ల పాలసీ వేరు, అది కెనడాలో వైద్యం కోసం. ఇక్కడ పీఆరో (శాశ్వత నివాసం) సిటిజన్‌షిప్పో వచ్చి, చేతిలో హెల్త్ కార్డు ఉండి, బయటి దేశానికి వెళ్ళే పెద్దవాళ్ళ సంగతే ఇప్పుడు చెప్పేది.

"ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంది కదా, ఇంకెందుకు?" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒంటారియో బయటి దేశంలో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరితే రోజుకి గరిష్ఠంగా 400 డాలర్లు ఇస్తుంది, అదీ ఐసీయూ స్థాయి వైద్యమైతే. మామూలు వార్డయితే 200. ఆల్బర్టా రోజుకి 100, బ్రిటిష్ కొలంబియా 75. అమెరికాలో ఈ డబ్బు ఏ మూలకీ చాలదు. ఇండియాలో మాత్రం లెక్క కాస్త వేరు. డాలరుకి 60 రూపాయలు వేసుకున్నా 400 అంటే 24,000. కాకినాడలో ఐసీయూకి ఒక రోజు అది తీసిపారేసే మొత్తం కాదు. అందుకే మా బావగారిలాంటి వాళ్ళు "ఇండియాలో ఏదైనా అయితే చేతి డబ్బుతో కానిచ్చేద్దాం, ప్రీమియం దండగ" అంటారు. ఒక స్టెంటు వరకూ ఆయన మాట నిజమే. మూడు వారాల వెంటిలేటరుకి, లేదా నర్సుని తోడిచ్చి విమానంలో టొరంటో తీసుకురావడానికి ఆ లెక్క పనిచెయ్యదు. పైగా హైదరాబాదు చేరేలోపు దుబాయిలోనో దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దిగి ఎక్కాలి. గుండెనొప్పి మన ఊరు చేరేదాకా ఆగుతుందని ఎక్కడా రాసి లేదు.

సరే, పాలసీ కావాలి. ఏది?

నన్ను అడిగేవాళ్ళంతా ప్రీమియం ఎంత, కవరేజీ ఎన్ని లక్షలు అని మొదలుపెడతారు. కవరేజీ ఐదు మిలియన్లయినా, పది మిలియన్లయినా పెద్దవాళ్ళ విషయంలో తేడా తెచ్చేది అది కాదు. నా దృష్టిలో అసలు విషయం ఒక్కటే: స్టెబిలిటీ క్లాజు. బయల్దేరే రోజుకి ముందు ఇన్ని రోజులపాటు ఆ జబ్బు స్థిరంగా ఉండాలి, లేకపోతే దానివల్ల వచ్చే ఏ ఖర్చూ ఇవ్వం అని చెప్పే షరతు. కంపెనీని బట్టి, వయసుని బట్టి ఇది 90 రోజులు, 180 రోజులు, ఒక్కోచోట ఏడాది.

ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడేది. డాక్టరు "మీరు బాగానే ఉన్నారు, వెళ్ళి రండి" అంటే స్థిరంగా ఉన్నట్టే కదా అనుకుంటారు. పాలసీ భాషలో స్థిరం అంటే కొత్త లక్షణం ఏదీ రాకూడదు, కొత్త మందు మొదలుపెట్టకూడదు, ఉన్న మందు ఆపకూడదు, మోతాదు మారకూడదు, ఆసుపత్రిలో చేరి ఉండకూడదు, స్పెషలిస్టు దగ్గరికి పంపిన రిఫరల్‌గానీ, ఫలితం రావాల్సిన పరీక్షగానీ మిగిలి ఉండకూడదు. మోతాదు మారడం అంటే పెరగడం ఒక్కటే కాదు, తగ్గడం కూడా.

మా ఇంట్లో జరిగింది ఇదే. మామయ్యగారికి 73. 2019లో స్టెంటు వేశారు, షుగరుకి మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు. పోయిన అక్టోబరు 3న డాక్టరు దగ్గరికి వెళ్తే చీలమండల దగ్గర వాపు చూసి, ఆ బిళ్ళ వల్లేనని 5కి తగ్గించింది. మామయ్యగారు ఇంటికొచ్చి ఏదో ప్రైజు కొట్టినట్టు చెప్పారు, "బిళ్ళ సగం చేసింది తెలుసా!" అని. ఇండియాలో ఒక పెళ్ళికి ప్రయాణం నవంబరు 26న. మధ్యలో ఉన్నది 54 రోజులు. మేం ఎంచుకున్న పాలసీలో స్టెబిలిటీ 90.

నేను కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, "మందు తగ్గించారంటే ఆరోగ్యం మెరుగుపడినట్టే కదండీ, ఫరవాలేదు" అన్నాడు. ఆ మాట మీద అప్పుడే కార్డు నంబరు చెప్పేసేదాన్ని. ఎందుకో ఇదే మాట ఈమెయిల్లో పంపమన్నాను. మర్నాడు వచ్చిన ఈమెయిల్లో మోతాదు తగ్గినా మార్పు కిందే లెక్క అనీ, గుండె, బీపీలకి సంబంధించిన క్లెయిములు ఈ ప్రయాణానికి వర్తించవనీ ఉంది. గుండెని తీసేస్తే ఆయన పాలసీలో ఇక మిగిలేది ఏముంది, కాలు జారి పడడం తప్ప!

అందుకే ఏ పాలసీ చూసే ముందయినా మీ మందులషాపులో గడిచిన ఏడాది మందుల చరిత్ర ప్రింటు అడగండి. ఇస్తారు. ఏ తేదీన ఏ బిళ్ళ, ఎంత మోతాదు, ఎప్పుడు మారింది, అన్నీ వరసగా ఉంటాయి. మోతాదు మారిన చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, అక్కణ్ణుంచి బయల్దేరే తేదీదాకా రోజులు లెక్కపెట్టండి. మినహాయింపులూ ఉన్నాయి. బ్రాండు మందు నుంచి అదే మోతాదు జెనరిక్‌కి మారితే చాలా పాలసీలు మార్పుగా చూడవు. ఇన్సులిన్, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్ళకి రక్తపరీక్ష చూసి చేసే చిన్న సర్దుబాట్లనీ చాలా కంపెనీలు వదిలేస్తాయి. మీ పాలసీలో వదిలేస్తుందా లేదా అన్నది మాత్రం దాని నిర్వచనాల పేజీలోనే చూడాలి. చిన్న అక్షరాలు, బోలెడు నిద్ర వస్తుంది, అయినా చూడాలి.

ఇంకో సంగతి. అరవై దాటినవాళ్ళకి చాలా కంపెనీలు ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తాయి. మీరు రాసిన జవాబుల్ని కొనేటప్పుడు ఎవరూ సరిచూడరు. డబ్బు కట్టించుకుని పాలసీ పంపేస్తారు. సరిచూసేది క్లెయిమ్ పెట్టినప్పుడు. అప్పుడు ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు దగ్గర్నుంచి రికార్డులన్నీ తెప్పిస్తారు. "నాన్నకి షుగర్ ఉందిగానీ కంట్రోల్లోనే ఉంది కదా" అని కొడుకు 'లేదు' మీద టిక్కు కొడితే, షుగరుకి సంబంధం లేని క్లెయిమ్ కూడా పోయే ప్రమాదం ఉంది. ప్రశ్నావళి దగ్గర పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. మనకి తెలియని జబ్బులు అప్పుడు బయటికొస్తాయి. మా అత్తయ్యగారు కళ్ళు తిరిగి ఎమర్జెన్సీకి వెళ్ళొచ్చిన సంగతి నాకు అలాగే తెలిసింది!

ఇప్పుడు సింగిల్ ట్రిప్పు, ఏడాది పాలసీల పోలిక. ఏడాది పాలసీ ఒకసారి తీసుకుంటే ఆ ఏడాదిలో ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు, ప్రతి ప్రయాణానికీ రోజుల పరిమితి ఉంటుంది. పదిహేను రోజులు, ముప్ఫై రోజులు, అలా. పిల్లలు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండి ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళొచ్చేవాళ్ళకి, ఉగాదికీ ముక్కోటికీ పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి కారులో బయల్దేరేవాళ్ళకి ఇది బంగారం. అమెరికాలో ఒక్క రాత్రి ఆసుపత్రిలో పడినా ఇల్లు గుల్లవుతుంది కాబట్టి ప్రతిసారీ గుర్తుపెట్టుకుని కొనే బాధ తప్పుతుంది.

ఇండియా ప్రయాణానికి మాత్రం దాని మీద నాకు నమ్మకం తక్కువ. ఒకటి, మనవాళ్ళు ఇండియా వెళ్తే పదిహేను రోజుల్లో తిరిగి రారు. డెబ్బై, ఎనభై రోజులకి టాప్‌అప్ (పరిమితి దాటిన రోజులకి విడిగా కొనే కవరేజీ) కొంటే అయ్యే ఖర్చు సింగిల్ ట్రిప్పుకి దగ్గరికొచ్చేస్తుంది. టాప్‌అప్ వేరే కంపెనీలో కొంటే మొదటి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో కూడా అడగాలి. రెండోది అసలైనది. ఏడాది పాలసీ ఏప్రిల్లో కొన్నారనుకోండి. ఆ రోజు అంతా బాగానే ఉంది. ఆగస్టులో బిళ్ళ మారింది. అక్టోబరు ప్రయాణానికి ఆ జబ్బుకి కవరేజీ లేదు, ఎందుకంటే స్టెబిలిటీ ప్రతి ప్రయాణానికీ బయల్దేరే తేదీ నుంచి వెనక్కి లెక్క. "పాలసీ ఉంది కదా" అనే ధైర్యంతో ఎవరూ మళ్ళీ చూసుకోరు. సింగిల్ ట్రిప్పుకి ప్రతిసారీ ప్రశ్నావళి నింపాలి, విసుగే, కానీ ఆ విసుగే మనల్ని మందుల జాబితా తీయిస్తుంది. కొన్ని కంపెనీలు అమెరికా మినహా ప్రపంచమంతా అని తక్కువ ధరకి ఇస్తాయి. డిడక్టిబుల్ (క్లెయిములో ముందు మనమే భరించే మొత్తం) వెయ్యి డాలర్లు పెట్టుకుంటే ప్రీమియం ఇంకా తగ్గుతుంది. ఇండియాకి ఈ రెండూ మంచి బేరమే, చిన్న జ్వరాలకి ఎలాగూ మనం క్లెయిమ్ పెట్టం కదా.

డెబ్బై దాటి, రెండు మూడు రకాల బిళ్ళలు వేసుకుంటూ, ఏడాదికోసారి ఇండియా వెళ్ళేవాళ్ళకి నేను సింగిల్ ట్రిప్పే చెప్తాను.

మిగతావి గబగబా. క్రెడిట్ కార్డు ఇన్సూరెన్సుని పెద్దవాళ్ళకి లెక్కలోకి తీసుకోకండి. 65 దాటితే చాలా కార్డుల్లో అసలు లేదు, ఉన్నచోట చాలావరకు మూడు నాలుగు రోజులే. విమానాల్లోనే రెండు రోజులు పోతాయి. రిటైరైన ఉద్యోగుల గ్రూపు పథకం ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ఫెడరల్ ప్రభుత్వంలో చేసి రిటైరైనవాళ్ళకి ప్రయాణానికి 40 రోజులు, మిలియన్ డాలర్ల వరకూ వస్తుంది, ఆపై రోజులకే కొనుక్కోవాలి. 1970ల్లో, 80ల్లో వచ్చి ఇక్కడే ఉద్యోగం చేసిన పెద్దలకి ఇవి ఉంటాయి. పిల్లల స్పాన్సర్‌షిప్ మీద వచ్చినవాళ్ళకి ఉండవు.

ఇండియాలోనే హెల్త్ పాలసీ తీసుకుంటే పోలా అని ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్నారు. 2024 ఏప్రిల్ నుంచి అక్కడ 65 దాటినా కొత్త పాలసీ కొనొచ్చు. నెట్‌వర్కు ఆసుపత్రిలో చేతి డబ్బు పెట్టక్కర్లేకపోవడం పెద్ద సుఖం. కానీ ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు, దోహా ఎయిర్‌పోర్టులో అది పనికిరాదు, వెనక్కి తీసుకురావడానికి పైసా ఇవ్వదు. ప్రతి చలికాలం అక్కడే గడిపేవాళ్ళు ఇప్పుడు మొదలుపెడితే నాలుగో ఏటికి అక్కరకొస్తుంది. ఈ ఏడాది ప్రయాణానికి కాదు.

ఎక్కువకాలం ఉండిపోయేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ఒంటారియోలో ఏ పన్నెండు నెలల్లోనైనా 153 రోజులు ఇక్కడ ఉండాలి, అంటే 212 రోజులకి మించి బయట ఉంటే ఓహిప్‌కే ముప్పు. ఓహిప్ పోతే ప్రైవేటు పాలసీ కూడా కుంటుపడుతుంది, ఎందుకంటే అది ప్రభుత్వ కార్డు ఉందన్న షరతు మీదే అమ్ముతారు.

ఇండియాలో క్లెయిమ్ సంగతి. అక్కడ చాలాచోట్ల ముందు మనమే అడ్వాన్సు కట్టాలి, తర్వాత ఇక్కడికొచ్చి తీసుకోవాలి. విడివిడిగా రాసిన అసలు బిల్లులు, కట్టిన రసీదులు, డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి కూడా పారేయొద్దు. ఆసుపత్రిలో చేరే ముందో, చేరిన రోజులోపో కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే ఖర్చులో కొంత శాతమే ఇస్తామని చాలా పాలసీల్లో ఉంటుంది. పాలసీ కార్డు మీది టోల్‌ఫ్రీ నంబరు ఇండియా నుంచి కలుస్తుందని నమ్మకండి. పక్కనే ఉండే మామూలు నంబరుని ముందే కాకినాడలో మా మరిది ఫోన్లో వేయించాను, పాలసీ నంబరుతో సహా.

మళ్ళీ మా కథకి. జబ్బు స్థిరంగా లేకపోయినా కవర్ చేసే పాలసీలు ఉన్నాయి. ధర అడిగితే గుడ్లు తేలేశాను. చివరికి అత్తయ్యగారే తేల్చారు. ఆవిడ థైరాయిడ్ బిళ్ళ రెండేళ్ళుగా మారలేదు. "పెళ్ళికి నేను వెళ్తా, మీరు పండక్కి రండి" అని నవంబరు 26న ఒక్కతే విమానం ఎక్కేశారు. మామయ్యగారి టికెట్టు జనవరి 3కి మార్చాం. 92 రోజులు. టికెట్ మార్పుకి కట్టింది ఆ ఖరీదైన పాలసీ తేడాలో మూడోవంతు కూడా కాలేదు. సంక్రాంతికి అరిసెలు తిన్నారు, షుగర్ సంగతి నేను అడగలేదు.

ఈ ఏడాది మళ్ళీ నవంబరు చివర పెళ్ళి. ఆయన ఆగస్టు మొదట్లోనే డాక్టరు దగ్గరికి వెళ్ళి, "ఏ మందు మార్చాలన్నా ఇప్పుడే మార్చెయ్యండి. ఐ హ్యావ్ మ్యారేజ్ ఇన్ నవంబర్" అన్నారట. ఆవిడ లేచి కంగ్రాచులేషన్స్ చెప్పిందట.