డల్లాస్‌కి 19 గంటలే అన్నారు, అమ్మకి ఇరవై తొమ్మిదిన్నర పట్టింది

అమెరికాకి అమ్మానాన్నల్ని పంపడానికి టికెట్ కొనేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. మొన్న వేసవిలో అమ్మని పంపడానికి అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఆఫీసుకి వెళ్లాను. వాట్సాప్‌లో టికెట్ ఫొటో ఒకటి పంపారు: శుక్రవారం రాత్రి 9కి హైదరాబాద్‌లో ఎక్కడం, శనివారం సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగడం. "పంతొమ్మిది గంటలే సార్, మధ్యలో దుబాయ్ ఒక్కటే" అన్నాడు ఆఫీసాయన. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే దూరం సుమారు 14,400 కిలోమీటర్లు, ప్రయాణం 16 గంటలు అని ఉంది. సరిపోయిందిలే అనుకుని కట్టేశాను.

ఆ 16 గంటలు ఉత్తి లెక్క. రెండు ఊళ్ల మధ్య గ్లోబు మీద దారం లాగి, విమానం వేగంతో భాగించినది. ఆ దారం దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది, అలా ఆగకుండా వెళ్లే విమానం హైదరాబాద్ నుంచి లేదు. దుబాయ్ మీదుగా అయితే 2,550, మళ్లీ 12,940 కిలోమీటర్లు. గాల్లోనే మొదటిదానికి 4 గంటలు, రెండోదానికి 16 గంటలు, కలిపి 20.

అసలు మోసం గడియారంలో ఉంది. దిగే టైమ్ సాయంత్రం 4 అన్నది డల్లాస్ టైమ్. వేసవిలో వాళ్లు మనకన్నా పదిన్నర గంటలు వెనక. అది కలిపితే మొత్తం ఇరవై తొమ్మిదిన్నర. ఫొటోలో కత్తిరించేసిన ముక్క ఏంటంటే, దుబాయ్‌లో తొమ్మిదిన్నర గంటల పడిగాపు.

వీల్‌చైర్ తోసుకొచ్చిన అబ్బాయి అమ్మని గేటు దగ్గర వదిలి వెళ్లిపోయాడట. కాళ్లు వాచిపోయాయి. షుగర్ మాత్రలు ఇంటి టైమ్ ప్రకారం వేసుకోవాలా, అక్కడి గోడ గడియారం ప్రకారమా అని తెల్లవారుజామున ఫోన్ చేసింది. చపాతీలు అప్పటికే అయిపోయాయి.

గట్టిగా అడిగితే ఆఫీసాయన, "నేను అబద్ధం చెప్పానా సార్? టికెట్ మీద ఉన్న టైమే పంపాను" అన్నాడు. 22 గంటల్లో చేర్చే టికెట్ ఎనిమిది వేలు ఎక్కువకి అదే రోజు ఉందని తర్వాత తెలిసింది. ఎనిమిది వేలకి నేను వెనకాడేవాణ్ణి కాదు, అడిగి ఉంటే.

కాబట్టి పూర్తి టికెట్ పీడీఎఫ్ ఇవ్వమనండి, ఫొటో వద్దు. ఒక్కో విమానం ఎన్ని గంటలు, మధ్యలో ఎంతసేపు ఆగుతారు, వేళ్ల మీద కూడండి. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా డల్లాస్‌తో తేడా పదకొండున్నర అవుతుంది, అదీ గుర్తుంచుకోండి.

రిటర్న్ కాగితం చూసి అమ్మ ఇప్పుడే హడలిపోతోంది. శుక్రవారం రాత్రి 8కి ఎక్కి ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి దిగడం అని ఉంది. అటునుంచి వచ్చేటప్పుడు తేడా మనవైపు కలిసి ఎక్కువ కనిపిస్తుందమ్మా, నిజానికి 21 గంటలే అంటే, "పోయేటప్పుడూ పంతొమ్మిదే అన్నావుగా" అంటోంది.