తాతగారి రైఫిల్‌కి కన్నం సైటు: ఏడేళ్ళ వాడకం తర్వాత

ఒక్క మిల్లీమీటరు కన్నం నా చత్వారాన్ని మరిపించింది. ఈ మాట 2018లో మా షూటింగ్ రేంజ్‌లో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాను, అడగని వాళ్ళకి కూడా. ఇప్పుడూ చెబుతాను. కాకపోతే అప్పట్లో చెప్పినంత గొంతు పెంచి చెప్పను. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

తుపాకీ మీద గురి చూసుకోవడానికి ఉండే అమరిక సైటు. గాడికి బదులు చిన్న కన్నంలోంచి చూసే పీప్ సైటుని మా ఇంట్లో కన్నం సైటు అంటాం. దొంగలు వేసే కన్నంతో దీనికి సంబంధం లేదు.

రైఫిల్ మా తాతగారిది. పాయింట్ టూటూ, అంటే చిన్న గుండుది, బోల్టు రకం, ఇంగ్లండు తయారీ. నర్సీపట్నం అవతల కుందేళ్ళకీ అడవికోళ్ళకీ వాడేవారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట తుపాకీ అన్న పేరు మాత్రం మిగిలింది, వేట పోయింది. లైసెన్సు నాన్నగారి మీదుగా నా పేరుకి వచ్చింది. నేను దాంతో కాగితానికి తప్ప దేనికీ చిల్లు పెట్టలేదు.

నలభై మూడో ఏట గురి చెడటం మొదలైంది. అంతకుముందు యాభై మీటర్లలో ఐదు గుండ్లు టీ గ్లాసు మూతి కింద దాగేవి. ఆ గ్లాసు కాస్తా సాసరైంది. కారణం నాకు తెలుసు, ఒప్పుకోవడానికే ఏడాది పట్టింది. బారెల్ మీది వి ఆకారం గాడి కంటికి అడుగున్నర దూరంలో ఉంటుంది. ముందు సైటు గింజ మూడడుగుల దూరంలో, టార్గెట్ ఎక్కడో యాభై మీటర్ల అవతల. ఇరవై ఏళ్ళ కన్ను ఈ మూడింటి మధ్యా చకచకా తిరిగేసి, మూడూ ఒకేసారి కనిపిస్తున్నట్టు నమ్మిస్తుంది. నలభై దాటిన కంటికి ఆ పరుగు చేతకాదు. గాడి అంచులు చెదిరిపోయి, గింజ దాని నడిమధ్యన ఉందో లేదో దేవుడికే తెలియాలి.

2018 దసరాకి ఆయుధపూజ కోసం రైఫిల్ తుడుస్తుంటే, బోల్టు కదిలే పెట్టెకి ఎడమవైపున రెండు చిన్న స్క్రూలు కళ్ళబడ్డాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. అవి దేన్నీ పట్టుకుని లేవన్న సంగతి మాత్రం ఆ రోజే గమనించాను. అమ్మని అడిగితే, "మీ తాతగారి బిస్కెట్ డబ్బా ఒకటి అటక మీద ఉండాలిరా" అంది. అందులో ఖాళీ కేసులు, బారెల్ తోమే ఇత్తడి బ్రష్షు, నూనెగుడ్డలో చుట్టిన ఈ సైటు ఉన్నాయి. కన్నం చుట్టూ నల్లరంగు అరిగి తెల్లబడింది. అంటే ఆయనా వాడారు. ఏ వయసులో బిగించుకుని ఉంటారో ఊహించడానికి నాకు పెద్దగా లెక్కలు అక్కర్లేకపోయింది.

లైసెన్సున్న తుపాకుల మెకానిక్కు చేత బిగించుకుని రేంజ్‌కి వెళ్ళాను. మొదటి ఐదు గుండ్లూ టార్గెట్‌కి పన్నెండు సెంటీమీటర్లు పైన పడ్డాయి. సైటుని మర తిప్పి పూర్తిగా దించినా అంతే. కానీ ఐదూ ఒకేచోట! అంత దగ్గరగా గుండ్లు పడి నాకు మూడేళ్ళయింది. పైన పడుతున్నాయి కదా అని ముందు గింజని ఆకురాయితో కాస్త అరగదీద్దామనుకున్నాను. మెకానిక్కు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. వెనక సైటు ఎటు జరిగితే గుండు అటే పోతుంది, ముందు సైటుది మాత్రం తిరగేసిన లెక్క. గింజని పొట్టి చేస్తే గుండ్లు ఇంకా పైకి పోతాయి. నాకు కావలసింది ఒకటిన్నర మిల్లీమీటర్లు పొడుగు గింజ. ఈ సైట్లు గాడి కన్నా ఎత్తులో కూర్చుంటాయి కాబట్టి పాత రైఫిళ్ళలో చాలావాటికి ఈ ఖర్చు తప్పదు. ముందే లెక్కలో వేసుకోండి.

ఇక నేను ఊరంతా చెప్పుకున్న సుఖం సంగతి. కన్నంలోంచి చూసేటప్పుడు కన్నాన్ని చూడకూడదు, అంతే దీని రహస్యం. గాడి సైటులో మనం చేసే పని ఇక్కడ కన్ను తనంతట తానే చేసేస్తుంది. గుండ్రటి వెలుగులో మధ్య భాగాన్ని వెతుక్కోవడం కంటికి పుట్టుకతో వచ్చిన విద్య. మన బాధ్యత గింజా టార్గెట్ వరకే. కన్నం చిన్నదైనకొద్దీ దగ్గరవీ దూరంవీ ఒకేలా తేరుకుని కనిపిస్తాయి. కళ్ళజోడు మర్చిపోయిన రోజున పిడికిలి సందులోంచి బస్సు బోర్డు చదువుతామే, అదే సూత్రం. పైగా సైటు కంటి దగ్గరికి జరగడం వల్ల వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య దూరం పద్దెనిమిది అంగుళాల నుంచి ఇరవై ఆరుకి పెరిగింది. ఆ మేరకు చిన్న పొరపాటు చిన్నదిగానే ఉండిపోతుంది.

ఇదేమీ నేను కనిపెట్టిన వింత కాదు. పోలీసుల భుజాన చూసిన రైఫిల్, ఎస్‌ఎల్‌ఆర్‌కీ కన్నం సైటే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం కొట్టిన ఎయిర్ రైఫిల్‌కీ ఈ జాతి సైటే, కాకపోతే అది రాజుగారి కుటుంబం, నాది పేద బంధువు.

మొదటి ఏడాది నేను దీని మీద ఒక్క మాట పడనివ్వలేదు. తర్వాత్తర్వాత కొన్ని ఒప్పుకోవలసి వచ్చింది. మిల్లీమీటరు కన్నంలోంచి వచ్చే వెలుగు మూడు మిల్లీమీటర్ల కన్నంలోంచి వచ్చేదాంట్లో తొమ్మిదో వంతే. విశాఖలో డిసెంబరు సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. ఐదింటికే నాకు నల్ల గింజ, నల్ల టార్గెట్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. మిల్లీమీటరు కన్నం ఉన్న చిన్న బిళ్ళని మర తిప్పి తీసేస్తే వెనక పెద్ద కన్నం ఉంటుంది, వెలుగు బాగా వస్తుంది. కానీ తల కాస్త అటూ ఇటూ అయినా చెల్లిపోతుందన్న ధీమా అప్పుడు పనికిరాదు. ఇక వానాకాలం. ఒక్క చినుకు చాలు, కన్నం మూసుకుపోతుంది. 2019 దసరాకి అమ్మ బొట్టు పెట్టి కన్నంలో కుంకుమ కూరింది. వారం తర్వాత రేంజ్‌లో లోకమంతా ఎర్రగా ఎందుకుందో అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఇవన్నీ చిన్నవి. అసలు దెబ్బ 2024లో తగిలింది.

ఆ మార్చిలో ఎన్నికల షెడ్యూలు వచ్చింది, ఎప్పటిలాగే లైసెన్సు ఆయుధాలు అప్పగించమన్నారు. మేముండేది విశాఖ ఎంవీపీ కాలనీ. బీచ్ గాలికి గేటు కమ్మీలు, ఫ్రిజ్ కాళ్ళు, చివరికి గొడుగు ఊచలు కూడా తుప్పు పట్టే చోటు. మూడు నెలలు రైఫిల్ నా చేతిలో ఉండదు కదా అన్న టెన్షన్‌తో అప్పగించే ముందు రోజు కుట్టుమిషన్ నూనె కుమ్మరించాను. బారెల్‌కి, బోల్టుకి, సైటుకి, సైటు స్క్రూలకి, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడల్లా. జూన్‌లో ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకుని చూస్తే ఎక్కడా తుప్పు చుక్క లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రేంజ్‌కి వెళితే గుండ్లు రెండు గుంపులుగా పడ్డాయి. మూడు మధ్యలో, మిగతా రెండూ నాలుగు సెంటీమీటర్లు ఎడమకి. గాలి అనుకున్నాను. తర్వాతి ఆదివారం గాలి లేదు, రెండు గుంపులు అలాగే ఉన్నాయి. తూటాలు పాతవనుకుని కొత్త పెట్టె తెచ్చాను. బారెల్ తోమాను. ఊపిరి సరిగ్గా బిగపట్టడం లేదేమోనని ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని ఖాళీ రైఫిల్‌తో సాధన చేశాను. మా ఆవిడ ఒకసారి తొంగిచూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది, అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆరో వారానికి నాకు నమ్మకం కుదిరిపోయింది, కన్నే పోయిందని. కళ్ళ డాక్టరుగారు దీపం వేసి చూసి, "కుడికంట్లో శుక్లం ఛాయ మొదలైంది, ఇప్పుడే కంగారు పడక్కర్లేదు" అన్నారు. నాకు మొదటి సగమే వినిపించింది. ముందు గింజ ఎంత దూరంలో ఉంటుందని ఆవిడే అడిగారు. మీటరు లోపని చెబితే, దూరపు చూపు పవర్ మీద ముప్పావు పాయింటు కలిపి రేంజ్ కోసం వేరే జోడు రాశారు. దాంతో గింజ సూదిమొనలా తేలింది. గుండ్లు మాత్రం రెండు గుంపులుగానే పడ్డాయి. ఇప్పుడు గింజ స్పష్టంగా కనిపిస్తూ మరీ తప్పుతున్నాను.

రైఫిల్ అమ్మేద్దామా అన్న మాట నోటిదాకా వచ్చిన రోజున మా రేంజ్‌లో ఉండే రిటైర్డ్ సుబేదారు గారు పక్క బెంచీలోంచి లేచి వచ్చారు. రైఫిల్ ఖాళీ చేయించి, బోల్టు తెరిచి, సైటు చేతిని బొటనవేలితో మెల్లగా పక్కకి నొక్కారు. టిక్ అంది.

"కళ్ళు కాదు బాబూ, మర వదులయింది. నూనేటైనా పోసేవా?"

పోశానండీ అన్నాను. ఎంత పోశానో చెప్పలేదు.

కదలిక అర మిల్లీమీటరు ఉంటుందేమో. ఇరవై ఆరంగుళాల మీద అర మిల్లీమీటరు అంటే యాభై మీటర్ల దగ్గర సుమారు నాలుగు సెంటీమీటర్లు. నా రెండు గుంపుల మధ్య దూరం సరిగ్గా అంతే. పల్చటి నూనె మరల్లోకి దిగింది, పట్టు జారింది, ప్రతి గుండుకీ వచ్చే చిన్న అదురుకి స్క్రూ వెంట్రుకవాసి చొప్పున తిరిగింది. కాపాడదామని నేను చేసిన పనే. అప్పట్లో ఏడాది పాటు కంటి తప్పుని రైఫిల్ మీద తోశాను, ఈసారి రైఫిల్ తప్పుని రెండు నెలలు కంటి మీద తోశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్‌తో బిగించబోయి స్క్రూ తల సగం చెక్కేశాను. కొత్త స్క్రూ కోసం హార్డ్‌వేర్ షాపుకి పోతే, చూపుకి అచ్చం అలాంటిదే ఇచ్చారు. రెండు చుట్లు తిరిగి బిగిసిపోయింది. ఇంకా బలం పెట్టి ఉంటే రైఫిల్‌లో మరలే పోయేవి. ఇంగ్లండు పాత మరల కొలత వేరు, మన మిల్లీమీటర్ స్క్రూలు వాటికి పట్టవు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా ఈ సమీక్ష చదివిన టైముకి గిట్టుబాటే. మెకానిక్కు పాత స్క్రూనే బాగుచేసి, మరల్లో నూనె అంతా స్పిరిట్‌తో కడిగి, వదులవకుండా పట్టే నీలం రంగు జిగురు ఒక చుక్క వేసి, స్క్రూ తల గాడికి సరిగ్గా కూర్చునేలా అరగదీసిన డ్రైవర్‌తో బిగించాడు. ఎర్రరంగు జిగురు వద్దన్నాడు, అది వేడి చేస్తే గానీ వదలదట.

ఇంటికొచ్చాక మా అమ్మాయి గోళ్ళరంగుతో స్క్రూ తల మీంచి సైటు ఒంటి మీదకి సన్నగీత ఒకటి గీశాను. స్క్రూ తిరిగితే గీత తెగుతుంది. రేంజ్‌కి వెళ్ళగానే ముందు చూసేది ఇప్పుడు టార్గెట్ కాదు, ఆ గీత. ఏడాది దాటింది, తెగలేదు. గుండ్లు మళ్ళీ గ్లాసు మూతి కిందకి చేరాయి, సగం పుణ్యం ఆ ముప్పావు పాయింటు జోడుదే. అంటే 2018లో కన్నానికి ఇచ్చిన మార్కుల్లో కొన్ని వెనక్కి తీసుకోవాలి. అప్పుడే కళ్ళజోడు సరిచేయించుకుని ఉంటే గాడి సైటుతో ఎంతవరకు నెట్టుకొచ్చేవాణ్ణో నాకు తెలియదు.

కొనాలా అని అడిగేవాళ్ళకి నేను చెప్పగలిగేది నా మట్టుకే. నాకు యాభై మూడేళ్ళు, పగటి వెలుగులో, బెంచీ మీద ఆనించి, కదలని కాగితాన్ని కొడతాను. నా పాయింట్ టూటూకి భుజం మీద తన్ను లేదు. పాయింట్ త్రీ వన్ ఫైవ్ లాంటి పెద్ద రైఫిల్ ఉన్నవాళ్ళు కంటికీ కన్నానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో ముందు కొలుచుకోండి, కనుబొమ చిట్లుతుంది. మీ రైఫిల్‌కి ముందే మర తూట్లు ఉంటే బిగించుకోండి, లేకపోతే పాత ఇనుముకి కొత్త తూట్లు పొడిపించమని నేను చెప్పలేను. టెలిస్కోపు పెట్టించొచ్చుగా అని మా బావమరిది ఏడేళ్ళుగా అడుగుతున్నాడు, దానికీ ఆ తూట్లే కావాలి. ముప్పై దాటనివాళ్ళయితే గాడితోనే కానివ్వండి.

మొన్న దసరాకి రైఫిల్ పూజలో పెట్టే ముందు బిళ్ళ విప్పి జేబులో వేసుకున్నాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని కాసేపు వెతికి, పెద్ద కన్నానికే బొట్టు పెట్టింది.