పాత సీపీయూ మోసుకుని సికింద్రాబాద్‌కి

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి లాడ్జీల్లో "24 గంటల చెకౌట్" అంటే ఆ మాట రసీదు మీద రాయించుకోండి. పాత కంప్యూటర్ బాగుచేయించడానికి వెళ్లిన మేం రాయించుకోలేదు. గది 1,400 అన్నాడు లాడ్జివాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి దిగాం. శనివారం పన్నెండు దాటీ దాటగానే ఇంకో 700 కట్టమన్నాడు. పొద్దున అడిగినప్పుడు తల ఊపిన మనిషే, అప్పుడు మాత్రం మమ్మల్ని ఎన్నడూ చూడనట్టు మాట్లాడాడు. దిగేటప్పుడే నా చేతిలోని సీపీయూ చూసి "కరెంటు సామాను" అని 200 గుంజాడు. దుప్పటి ముక్కిన వాసన. మా ఆవిడ రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె బెంగంతా ఆ డబ్బా గురించే అని నాకు తెలుసు.

2000లో ఖమ్మంలో డీటీపీ సెంటర్ పెట్టినప్పుడు 38,000 పోసి కొన్న పెంటియం 3 కంప్యూటర్ అది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఓటర్ల స్లిప్పులు, అన్నీ దాని మీదే కొట్టాను. మా అత్తగారు పాడిన నాట్ల పాటలు కూడా 64 పేజీలు టైపు చేశాను. పాటల నోటుబుక్కు 2024 సెప్టెంబర్‌లో మున్నేరు వరద ఇంట్లోకొచ్చినప్పుడు కొట్టుకుపోయింది. అటక మీద ఉండబట్టి సీపీయూ మిగిలింది. అత్తగారు అప్పటికే లేరు.

హార్డ్‌డిస్క్ ఊడదీసి ఫైళ్లు తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకున్నా చదవలేం. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే పద్ధతి) కావు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలే. పైగా మా తెలుగు సాఫ్ట్‌వేర్‌కి ప్రింటర్ పోర్టులో గుచ్చే తాళం ఉండేది, అది గుచ్చకపోతే సాఫ్ట్‌వేర్ నడవదు. 25 సూదుల ఆ పోర్టు ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి లేదు. అందుకే మిషన్నే బతికించాలి.

పార్క్‌లేన్‌లో కంప్యూటర్ కొట్లుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. కింది అంతస్తులో ఒక కొట్టువాడు మూత తియ్యకుండానే "డేటా రికవరీ, 6,500" అన్నాడు. మా ఆవిడ సంచి భుజానికేసుకుని మెట్లెక్కేసింది.

పైన ఇరుకు కొట్లో ఒక పెద్దాయన. చుట్టూ డబ్బాల నిండా పాత కంప్యూటర్ల ఐడీఈ కేబుళ్లు, మోడెమ్ కార్డులు, ఫ్లాపీ డ్రైవులు. నాకైతే కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "పరేషాన్ కావద్దమ్మా, చూద్దాం" అన్నాడాయన. లోపలికి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ మార్చాడు. ఫ్యాను తిరిగింది, తెర వెలగలేదు, పొడుగ్గా బీప్ బీప్ అని మొదలైంది. ర్యామ్ (మెమరీ కార్డు) పీకి, బంగారు రంగు కాళ్లని పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టాడు. మా సెంటర్‌లో నేనూ వానాకాలమంతా చేసిన పనే. బీపు ఆగింది. అయినా విండోస్ సగంలో బిగుసుకుపోతోంది. బోర్డు మీద కరెంటుని నిలకడగా ఉంచే కెపాసిటర్లు ఆరు నెత్తిన ఉబ్బి ఉన్నాయి. ఆరూ మార్చడానికి గంటన్నర పట్టింది.

విండోస్ 98 తెర వచ్చింది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరిచాను. తాళం పట్టింది. మొదటి పేజీలో పాట కనబడగానే మా ఆవిడ పెద్దాయన స్టూలు లాక్కుని కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక్కో ఫైలునీ కాగితం మీదకి కాకుండా పోస్ట్‌స్క్రిప్ట్ అనే ఫైలుగా ప్రింట్ ఇచ్చాను. అలా ఇస్తే ఫాంటు అందులోనే కలిసిపోతుంది, తర్వాత పీడీఎఫ్ చేసుకోవచ్చు. పాత ఫైళ్లున్న డీటీపీ వాళ్లు మిషను పాతసామాన్లకి వేసేముందే ఈ పని చెయ్యండి. డిస్కుని కన్వర్టర్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి అన్నీ దించుకున్నాం.

పాత ఎస్ఎంపీఎస్ 350, కెపాసిటర్లు 60, బోర్డు మీది గడియారానికి సీమాస్ సెల్లు 30, కన్వర్టర్ 450, ఆయన కూలి 500. మొత్తం 1,390. లాడ్జివాడికి పోసింది 2,300. ఆ తేడా నాకింకా మండుతూనే ఉంది.

తిరుగు రైల్లో ఇబ్బందేం లేదు. కాజీపేట దాటాక మా ఆవిడ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. "ఏమండీ, ఇక్కడ ఒక చరణం ఎగరగొట్టారు. అమ్మ పాడేది" అంది. అడిగితే మెల్లగా పాడింది. నేను అక్కడికక్కడే టైపు చేసుకున్నాను.