సొంత కెర్నెల్‌తో మూడేళ్లు: బిల్డ్ సులువే, కాపురమే కష్టం

లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను నేనే సోర్స్ కోడ్ నుంచి కంపైల్ (బిల్డ్) చేసుకున్నాను, దాని మీదే మూడేళ్లుగా నా లాప్‌టాప్ నడుస్తోంది. ముందు 6.1, తర్వాత 6.6, ఇప్పుడు 6.12. మూడూ ఏళ్ల తరబడి దిద్దుబాట్లు వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్లే. డిస్ట్రో (ఉబుంటు లాంటి రెడీమేడ్ లినక్స్) ఇచ్చే కెర్నెల్‌లో నాకు అక్కర్లేని డ్రైవర్లు వేలల్లో ఉంటాయి కదా, అవన్నీ పీకేస్తే మెషిన్ పరుగెడుతుందన్న ఆశతో మొదలుపెట్టాను.

పరుగెత్తలేదు, ముందే చెప్పేస్తున్నా. వాడని డ్రైవర్లు మాడ్యూళ్లుగా, అంటే విడి ఫైళ్లుగా, డిస్క్ మీద పడి ఉంటాయి, అవసరం వస్తేనే మెమరీలోకి వస్తాయి. డిస్క్ మీద పడి ఉన్నదాన్ని తీసేస్తే స్పీడ్ ఎక్కడినుంచి వస్తుంది? బూట్ ఒకటి రెండు సెకన్లు తగ్గింది, అంతే. కెర్నెల్ సెకనుకు ఎన్నిసార్లు పనులను చూసుకోవాలో చెప్పే టైమర్‌ను 250 హెర్ట్జ్ నుంచి 1000కి మార్చి కూడా చూశాను. బ్రౌజర్‌లో, వీడియోలో నా కంటికి ఏ తేడా కనబడలేదు.

బాగా తగ్గింది బిల్డ్ టైమ్. డిస్ట్రో కాన్ఫిగ్‌తో (ఏవేవి బిల్డ్ చేయాలో చెప్పే సెట్టింగుల ఫైల్) మొదటిసారి గంట దాకా పట్టింది, ఫ్యాన్ మోత వేరే. 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' వాడాక పది నిమిషాల్లోపే అయిపోతోంది. ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది అది. నేను బోల్తా పడింది కూడా అక్కడే. ఓ రోజు నెట్ పోయింది, ఫోన్‌ను యూఎస్‌బీకి తగిలించి టెథరింగ్ ఆన్ చేశాను. లాప్‌టాప్‌లో చలనం లేదు. కాన్ఫిగ్ తయారు చేసిన రోజున ఫోన్ తగిలించి లేదు కాబట్టి ఆ డ్రైవర్ అసలు బిల్డే కాలేదు. అప్పటినుంచి కెమెరా, ప్రింటర్, పెన్‌డ్రైవ్, ఫోన్ ఏది తగిలించినా ఎల్ఎస్‌మాడ్ (లోడ్ అయిన మాడ్యూళ్లను చూపే కమాండ్) చూపించేది ఒక ఫైల్లో చేర్చి పెట్టుకుంటున్నాను. కాన్ఫిగ్ చేసేటప్పుడు ఆ ఫైల్‌నే ఇస్తాను. మెషిన్‌లో ఏ పనికి ఏ మాడ్యూల్ కావాలో నాకు తెలిసింది ఈ జాబితా పుణ్యమే.

రెండో దెబ్బ ఇన్‌స్టాల్‌లో తగిలింది. డిస్ట్రో కాన్ఫిగ్ నుంచి మొదలుపెడితే డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి పనికొచ్చేది) కూడా వెంట వస్తుంది. మాడ్యూళ్లు ఉబ్బిపోయాయి, బూట్ మొదట్లో కావలసిన మాడ్యూళ్లను మోసే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైల్ కూడా ఉబ్బింది. 512 ఎంబీ బూట్ పార్టిషన్ నిండిపోయి ఆ ఫైల్ సగంలోనే ఆగింది. ఎర్రర్ తెర మీద కళ్లముందే వెళ్లిపోయింది, నేనే చదవలేదు. రీబూట్ చేస్తే కెర్నెల్ పానిక్ (కెర్నెల్ ముందుకు కదల్లేక ఆగిపోవడం): రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేయలేను, అన్‌నోన్ బ్లాక్ సున్నా సున్నా. బూట్ అయ్యేటప్పుడు ఏ కెర్నెల్ కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఉంది కాబట్టి బతికిపోయాను. డీబగ్ సమాచారాన్ని తీసేసే 'ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్' విలువను 1 చేసి మాడ్యూళ్లను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సమస్య తీరింది. పనిచేస్తున్న పాత కెర్నెల్‌ను ఎంత చోటు పట్టినా తీసేయకండి.

ఇవన్నీ ఒకసారి పడే తిప్పలు. అసలు బరువు తర్వాత మొదలవుతుంది. దిద్దుబాటు విడుదలలు దాదాపు వారానికొకటి వస్తుంటాయి, వాటిలో భద్రతకు సంబంధించినవీ ఉంటాయి. డిస్ట్రో కెర్నెల్ అయితే మామూలు అప్‌డేట్‌తో పాటే వచ్చేస్తుంది. ఇక్కడ ఆ పని మనదే. పని ఒత్తిడిలో ఒకసారి మూడు నెలలు వదిలేశాను, తర్వాత తల్చుకుంటే టెన్షన్ వచ్చింది. ఒకే ఎల్‌టీఎస్ లోపల మారడం తేలిక, పాత సెట్టింగులు ఉంచి, కొత్తవాటికి డిఫాల్ట్ పెట్టే 'ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' కొడితే సరి. 6.6 నుంచి 6.12కి మారినప్పుడు మాత్రం కొత్త ఆప్షన్లు కుప్పలుగా వచ్చాయి, ఒక సాయంత్రం వాటికే పోయింది. పైగా గ్రాఫిక్స్ కార్డు కంపెనీ విడిగా ఇచ్చే డ్రైవర్ కొత్త కెర్నెల్ మీద బిల్డ్ కాలేదు. నల్ల తెర చూసి వెనక్కి వచ్చి, కొత్త డ్రైవర్ వచ్చేదాకా మూడు వారాలు 6.6 లోనే ఉన్నాను. సంతకం ఉన్న కెర్నెల్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ కోసం సొంత కీతో సంతకం చేయడం ఒకసారి నేర్చుకుంటే చాలు, అదేమంత కష్టం కాదు.

మరి ఎందుకు వదల్లేదంటే, టచ్‌ప్యాడ్ వల్ల. లాప్‌టాప్ నిద్రలేచాక టచ్‌ప్యాడ్ లేచేది కాదు. దానికి నాలుగు లైన్ల ప్యాచ్ (కోడ్ దిద్దుబాటు) మెయిన్‌లైన్‌లో, అంటే అసలు లినక్స్ కోడ్‌లో, చేరింది గానీ డిస్ట్రోకి రాలేదు. ఆ ప్యాచ్ వేసి బిల్డ్ చేసుకున్నాను, ఆ రాత్రే బాగైంది. ఇంకోసారి కొత్త వెర్షన్‌లో వైఫై తెగిపోతుంటే ఏ మార్పు వల్ల చెడిందో కనిపెట్టే గిట్ బైసెక్ట్‌తో వెతికాను. పది పన్నెండు వేల మార్పులున్నా ప్రతిసారీ సగానికి సగం కొట్టుకుంటూ పోతే పద్నాలుగు బిల్డుల్లో దోషి దొరుకుతుంది. గంట పట్టే బిల్డ్‌తో ఆ ఓపిక నాకు ఉండేది కాదు, పది నిమిషాలది కాబట్టి ఒక ఆదివారంలో తేలింది.

ఇలాంటి ఫలానా అవసరం ఉన్నవాళ్లకైతే చేసుకోమనే చెబుతాను. స్పీడ్ కోసమైతే వద్దు. ఇంట్లోవాళ్లు వాడే రెండో లాప్‌టాప్‌లో డిస్ట్రో కెర్నెలే ఉంది, దాని జోలికి నేను వెళ్లను.