వెనక ఇరుసుకి కమాన్లా, లింకులా? పదేళ్లు ఇసుకలో నడిపాక

ముందే చెప్పేస్తున్నా, నాది రేసు బండి కాదు. వారం పది రోజులు ఎడారిలో పడి తిరిగే బండి. వెనక సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. నీళ్లు, డీజిలు, టెంటు, పనిముట్లు అన్నీ వెనకే కాబట్టి ఆ ఇరుసు మీద ఎప్పుడూ బరువే. మొదటి ఆరేళ్లు కమాన్ కట్టల (ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీల స్ప్రింగుల) మీద నడిపాను. తర్వాత వాటిని పీకించి ఫోర్ లింక్ (ఇరుసుని ఛాసిస్‌కి పట్టి ఉంచే నాలుగు కడ్డీలు), కాయిలోవర్లు (చుట్టూ చుట్ట స్ప్రింగు ఉన్న షాక్ అబ్జార్బర్లు), బైపాస్ షాకులు (ఎంత నొక్కుకున్నాయో బట్టి గట్టిదనం మారేవి) వేయించాను. వీటి మీద ఇది నాలుగో ఏడు. రెండిటితోనూ అవస్థ పడ్డాను కాబట్టి రెండిటినీ తిట్టే హక్కు నాకుంది.

కమాన్ కట్టని లారీ సామాను అని తీసిపారేసేవాళ్లు చాలామంది. అది చేసే పని చూడండి. బరువు మోసేది అదే. ఇరుసు ముందుకీ పక్కకీ పోకుండా పట్టుకునేది అదే. మలుపులో బాడీ మరీ ఒరగకుండా కొంత ఆపేదీ అదే. ఇన్ని పనులూ ఒక్కదాని నెత్తినే ఉండటంతో ఏ ఒక్కదానికోసం మార్చినా మిగతావి చెడతాయి. మెత్తగా ఉండాలని పట్టీలు తీసేస్తే ఇరుసు మెలితిరుగుతుంది. మెలి ఆగాలని గట్టి పట్టీలు వేస్తే నడుము పోతుంది.

నన్ను ఎక్కువ ఏడిపించింది పట్టీల మధ్య రాపిడి. పెద్ద గుంతలో కట్ట బాగానే వంగుతుంది. వరసగా చిన్న చిన్న అలల్లాంటి గతుకులు వచ్చే దారిలో మాత్రం, ఆ చిన్న దెబ్బ రాపిడిని గెలవలేక కట్టంతా ఒకే ఇనప కడ్డీలా ఉండిపోతుంది. డ్యాష్‌బోర్డు స్క్రూలు వాటంతటవే ఊడి ఒళ్లో పడేవి. తెలివితక్కువగా పట్టీల మధ్య గ్రీజు పూశాను. దానికి ఇసుక అంటుకుని ఆకురాయిలా తయారై, ఏడాదిలో పట్టీల కొసల దగ్గర గాడులు పడ్డాయి. తర్వాత కట్ట విప్పి, కొసలు గ్రైండ్ చేయించి, మధ్యలో జారుడు ప్యాడ్లు పెట్టించాను. మందపాటి పట్టీలు తీసి, పల్చటివి ఎక్కువ వేయించాను. అదే బరువు మోస్తూ ఇంకా బాగా వంగింది.

షాకిల్, అంటే కమాన్ ఒక కొసని ఛాసిస్‌కి కలిపే ఊగే లంకె, దాని సంగతి ఎవరూ చెప్పరు. కమాన్ నొక్కుకున్నప్పుడు సాగి పొడవవుతుంది, ఆ పొడవుకి చోటిచ్చేది షాకిలే. బండి ఎత్తు పెంచాక నాది దాదాపు నిటారుగా నిలబడిపోయింది. చక్రం పైకి లేచినప్పుడల్లా మొదటి దెబ్బ నేరుగా ఛాసిస్‌కే. బ్రాకెట్ జరిపి, బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడు షాకిల్ సుమారు 45 డిగ్రీలు వెనక్కి వాలేలా చేశాం. ఒక పూట వెల్డింగ్ పని. ఆ ఆరేళ్లలో నేను చేయించిన వాటిలో దీనికొచ్చినంత ఫలితం దేనికీ రాలేదు.

ఇక మెలి. ఇసుక దిబ్బ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే, ఇరుసు వెనక్కి తిరగబోయి డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య గేర్ల డబ్బా) మూతి పైకి లేస్తుంది, కమాన్ ఎస్ అక్షరంలా వంకర తిరుగుతుంది. టైరు పట్టు జారగానే అదంతా ఒక్కసారి విడుస్తుంది. మళ్లీ పట్టు, మళ్లీ మెలి. దబ్ దబ్ దబ్. ఆ దెబ్బలకి ఒకసారి జాయింట్ క్రాస్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలు) పోయింది. కట్ట ఇరుసు కింద కాకుండా పైన కూర్చుంటే మీట పొడవు పెరిగి మెలి ఇంకా ఎక్కువవుతుంది, నాది అదే రకం. ఇరుసు మెలి తిరగకుండా పట్టే కడ్డీ, ట్రాక్షన్ బార్, వేయించాను. మొదటిసారి ముందు కొసని ఛాసిస్‌కి నేరుగా బిగించేశారు, కమాన్ కదలికే ఆగిపోయింది. ఆ కొసకి చిన్న షాకిల్ పెట్టాక సరిగ్గా పనిచేసింది.

మూడో ఏట ఒక సాయంత్రం స్టీరింగ్ నేరుగా పట్టుకున్నా బండి పీతలా అడ్డంగా పోతోంది. దిగి చూస్తే ఎడమ వెనక చక్రం ముందు మూడు వేళ్ల సందు, వెనక అరచెయ్యి పట్టేంత. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగింది. కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు వదులై, ఇరుసు జారుతూ జారుతూ ఆ బోల్టుని కత్తిరించేసింది. జాకీ మీద లేపి, రాచెట్ బెల్టుతో ఇరుసుని వెనక్కి లాగి, సీ క్లాంపుతో పట్టీలు అదిమి, స్పేర్ బోల్టు దూర్చేసరికి చీకటి పడింది. తప్పు కమాన్‌ది కాదు. కొత్త యూ బోల్టులు వేశాక కొన్ని వందల కిలోమీటర్లకి మళ్లీ బిగించాలని తెలిసీ బద్ధకించింది నేను. ఆ బోల్టుతోనే ఇంటికొచ్చాను. లింక్ బ్రాకెట్ ఊడితే అంత తేలిగ్గా రాలేం.

మరి లింకులకి ఎందుకు వెళ్లాను? ఆశ. ఎడారి రేసుల్లో పరిగెత్తే ట్రోఫీ ట్రక్కుల వెనక కూడా సాలిడ్ యాక్సిలే, ఫోర్ లింక్ మీద. 2021లో ఫోర్డ్ రాప్టర్ పికప్ కూడా కమాన్లు వదిలి ఫైవ్ లింక్, కాయిల్ స్ప్రింగులకి మారింది. మనం ఎందుకు మారకూడదు అనిపించింది.

మొదట పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకి పోకుండా అడ్డంగా పట్టే కడ్డీ) ఉన్న అమరిక అనుకున్నాం. లెక్క వేస్తే, 90 సెంటీమీటర్ల రాడ్ అడ్డంగా ఉన్న చోటు నుంచి చక్రాలు 25 సెంటీమీటర్లు లేస్తే ఇరుసు మూడున్నర సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. రాడ్ ఎంత పొడవుంటే అంత నయం, నా బండిలో అంత చోటు లేదు. అందుకే పై లింకులు రెండూ త్రికోణంలా పెట్టించి ఆ రాడ్ మానేశాం. షాకులు కింది లింక్ మీద, చక్రం కదలికలో 0.7 వంతు కదిలే చోట కూర్చున్నాయి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు: చక్రం దగ్గర తెలిసే స్ప్రింగు బలం 0.7 వంతు కాదు, దాని వర్గం, అంటే దాదాపు సగం. నేనూ తక్కువ బలం స్ప్రింగులు తెచ్చి, నీళ్ల క్యాన్లు ఎక్కించగానే వెనక భాగం కూలబడితే మళ్లీ మార్చాను.

సరిగ్గా కుదిరాక మాత్రం హాయి. దిబ్బ ఎక్కేటప్పుడు ఆ దబదబలు లేవు, చిన్న గతుకులు అసలు తెలియవు. బదులుగా బాడీ ఒరుగుడు పెరిగింది, ఆ ఒరుగుడు తగ్గించే యాంటీ రోల్ బార్ తప్పలేదు. లింకుల కొసల్లో ఉండే లోహపు గుండు కీళ్లు, అంటే హైమ్ జాయింట్లలో ఇసుక చేరి రెండో ఏడాదికే టకటక మొదలైంది. రబ్బరు బుష్ ఉన్న రకానికి మార్చాను, కాస్త నయం. ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపే పట్టాలు, లిమిట్ స్ట్రాపులు, కొత్తలో సాగుతాయి, సాగే కొద్దీ పొడవు సరిచూడకపోతే షాకు కొస దాకా లాగబడి చస్తుంది.

నా అభిప్రాయం మార్చింది ఇంకొకటి. కిందటేడు బైపాస్ షాకులు సీళ్లు మార్చడానికి పంపి, కాయిలోవర్లతో మాత్రమే నడిపాను. డ్యాంపింగ్ (ఊగుడు అణచడం) అంతా బైపాస్‌లే చేసేలా కట్టిన బండి అది. వరస గుట్టల మీద నాలుగోదానికే వెనక భాగం ఎగిరెగిరి పడింది. నా పాత కమాన్లే నయం అనిపించింది. ఆ బైపాస్‌లు తిరిగొచ్చాక అలాంటివే మిత్రుడి కమాన్ బండికి బిగించి చూశాం. రోజంతా నా వెంటే వచ్చాడు. మరీ వేగం పెంచినప్పుడే వెనకబడ్డాడు. నేను లింకుల గొప్ప అనుకున్నదాంట్లో సగం పైగా షాకులదే.

అందుకే ఎవరైనా అడిగితే, కమాన్ కట్ట సరిచేసి, షాకిల్ కోణం చూసి, ఉన్నదంతా రిజర్వాయర్ (విడి నూనె డబ్బా) ఉన్న మంచి షాకుల మీద పెట్టమంటున్నా. మామూలు షాకులో నూనె వేడెక్కి నురగ కడితే ఏ లింకూ కాపాడదు. వచ్చే బండికి నేనూ అదే చేస్తా. ఈ బండికి మాత్రం లింకులే. షాకుల పై కొసలు బిగించే టవర్ల కోసం వెనక ఫ్లోర్ కోసేశాం, నీళ్ల క్యాన్లు పెట్టే చోటు పోయింది. అవి ఇప్పుడు వెనక సీటు మీద ఉంటున్నాయి.