నాలుగేళ్లు వాడాక: చేత్తో పట్టుకునే డెంటల్ ఎక్స్‌రే మిషన్, ఆర్‌వీజీ సెన్సర్

పర్లాకిమిడిలో మా క్లినిక్‌కి అటు గుణుపురం నుంచీ ఇటు పాతపట్నం నుంచీ పేషెంట్లు వస్తారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట బ్యాటరీతో నడిచే ఈ మిషన్ బాగా ఆదుకుంది. దీనికి జోడీ ఆర్‌వీజీ సెన్సర్, అంటే ఫిల్ముకు బదులు నోట్లో పెడితే బొమ్మను కంప్యూటర్లో చూపే పలక. అయితే మిషన్ మంచిదైనంత మాత్రాన బొమ్మ బాగా రాదు.

మాది 60 కేవీ (కిరణాలు చొచ్చుకుపోయే బలం), 2 ఎంఏ (కిరణాల మోతాదును నిర్ణయించే కరెంటు). గోడకు బిగించే మిషన్లలో ఎంఏ ఇంతకు మూడు నాలుగు రెట్లుంటుంది. మనది తక్కువ కాబట్టి ఎక్స్‌పోజర్ ఎక్కువసేపు ఇవ్వాలి. కింది ముందుపళ్లకు 0.2 సెకను, పై దవడ పళ్లకు, అంటే పైన వెనక నమిలే పళ్లకు, 0.4 దాకా పెడుతున్నాను. ఆలోపు చెయ్యి వణికితే బొమ్మలో పంటి వేరు చివర మసకబారుతుంది. మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి.

అసలు కష్టం పై దవడ పళ్ల దగ్గరే. సెన్సర్‌ని పంటికి అంటించి పెడితే అంగిలి వాలుకు అది పక్కకు ఒరిగిపోతుంది. హోల్డర్‌తో (సెన్సర్‌ని నోట్లో పట్టి ఉంచే పిడితో) అంగిలి మధ్యకు జరపండి, అక్కడ ఎత్తు దొరుకుతుంది, సెన్సర్ పంటికి సమాంతరంగా నిలుస్తుంది. హోల్డర్ లేకుండా తీస్తే కోన్ (కిరణాలు బయటికొచ్చే గొట్టం) 20 నుంచి 30 డిగ్రీలు కిందికి వంచాలి. కోణం తగ్గితే బొమ్మలో పన్ను సాగుతుంది, పెరిగితే కురచవుతుంది. రూట్ కెనాల్ పొడవు కొలిచేటప్పుడు ఆ తేడా కొంప ముంచుతుంది. వాంతి వచ్చేలా ఉందంటే, "అమ్మా, ముక్కుతో గాలి తీసుకోండి, కుడికాలు కాస్త పైకెత్తండి" అనండి. ధ్యాస మళ్లేసరికి బొమ్మ తీసేయొచ్చు.

కోన్ చివర గుండ్రటి షీల్డ్ వెనక్కి జారకుండా చూసుకోండి. పేషెంటు ముఖం నుంచి చెదిరి వచ్చే కిరణాలను ఆపేది అదే. మిషన్ బాగా వంచితే ఆ షీల్డ్ చాటు మనకు దక్కదు. పై ముందుపళ్లకు మిషన్ వంచే బదులు పేషెంటు గడ్డం కిందికి దించమనండి.

సెన్సర్ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. తీగ సెన్సర్‌లో కలిసే మెడ దగ్గర తెగి, మూడో ఏడు బొమ్మలో సగం నల్లగా రావడం మొదలైంది. తీగ ఒక్కటే మార్చరట, మొత్తం కొత్తది కొనాలట. అందుకే తీగను బిగించి చుట్టకండి, పళ్లతో కొరకనివ్వకండి. ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే పెట్టెలో) అసలు పెట్టొద్దు, కవరు తొడగండి, తీశాక తుడవండి.

కొనే ముందు ఆ మోడల్‌కి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) ఇచ్చిన టైప్ అప్రూవల్ ఉందా అని అడగండి. లైసెన్సు ఆ బోర్డు వారి ఈ-లోరా పోర్టల్లో తీసుకోవాలి.

ఇంకోటి. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చే ఆడవాళ్లలో చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగేవారున్నారు. వాళ్ల అంగిలిమీద తెల్లమచ్చ గానీ పుండు గానీ ఉంటే ఏ ఎక్స్‌రేలోనూ కనపడదు. సెన్సర్ పెట్టేముందు లైటు వేసి అంగిలి చూడండి.